పదహారు నిమిషాల రాయి

మా ఫ్యాక్టరీ రాళ్ళన్నీ సముద్రం దాటి పోతాయి.
అద్దం మాదిరి పాలిష్ పట్టి, చెక్కపెట్టెల్లో.
ఎవరి సమాధి మీదికో, ఏ పేరు కిందికో
నాకు తెలీదు.
ఇదొక్కటి పోలేదు.
వెంట్రుకవాసి చీలిక చూసి
సూపర్‌వైజరు సుద్దముక్కతో అడ్డగీత కొట్టినాడు.

జరీనా టీచరమ్మ స్కూటీ ఆపి
దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.
రాళ్ళబూదుగూరు బడికి కావాలనింది.
"దొరస్వామీ, దీని మీదికి పొద్దును దింపాల."

నవ్వొచ్చింది.
పొద్దు మాయమ్మ నోట్లోనే ఉండె కదా.
గడియారం ఎరగని మనిషి.
జానెడు పొద్దెక్కితే గొడ్లను తోలేది,
బారెడు పొద్దుకి కూలోళ్ళకు సంగటి మోసేది,
నీడ కాలికింద దూరినాక గంప దించేది.
పొద్దుపోలేదని ఒక్కనాడూ అనలేదు.
ఆమెకు పొద్దెప్పుడూ చాల్లేదు.

నున్నటి రాయి మీద నీడ నిలవదు,
మెరుపే నిలుస్తుంది.
నేను పట్టిన పాలిష్‌ను
నేనే ఉలితో పొడిచి తీసేసినా.
ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

టీచరమ్మ కాగితంలో పదమూడు డిగ్రీల త్రికోణం.
నిలబడాల్సిన ముల్లు పండుకున్నట్టుంది.
ఇంత కుంటిదేందమ్మా అంటే
రాత్రికి ఉత్తరం దిక్కు చూడమనింది:
చెయ్యి చాపి, పిడికిలి బిగించి,
కొండ అంచుకు ఒకటిన్నర పిడికిలి పైన
కదలని చుక్క.
ముల్లు దానికేసి చూడాల, అంతే.
మిద్దెక్కి, చీకట్లోకి పిడికిలి చాపి
చానాసేపు నిలబడినా.
పక్కింటి మాణిక్యం అడిగినాడు,
"ఎవర్ని కొట్టేదానికన్నా?"

గంటల గీతలు ఇంకా వింత.
పన్నెండు చుట్టూ బస్సు ఫుట్‌బోర్డు మీద జనం మాదిరి
ఇరుక్కొని ఉండాయి.
ఆరు దిక్కుకు పోయేకొద్దీ ఎడం, ఎడం.
సమానంగా కొడతానంటే ఒప్పుకోలేదు.
ఉలి కాగితం మాటే వినింది.
నేను మాత్రం లోపల గొణుక్కుంటానే ఉండినా.

ఏప్రిల్లో, ఒంటిపూట బడి.
నిలబెట్టిన నాడు
పిల్లకాయలు సెల్లు తెచ్చి పక్కన పెట్టినారు.
సెల్లులో పన్నెండు.
రాయి మీద ఇంకా కాలేదు.
"తప్పు రా," అన్నాడొకడు, సంతోషంగా.
హెడ్మాస్టరొచ్చి, కొంచెం తిప్పిపెట్టు దొరస్వామీ, సరిపోతుందన్నాడు.
గడ్డపార నా చేతిలోనే ఉంది.
టీచరమ్మ నోరు తెరవలేదు. నా వైపే చూసింది.

సార్,
దేశమంతటికీ కలిపి పెట్టిన పన్నెండు
యాడో కాకినాడ పక్కన అవుతుందంట.
ఆడ నెత్తి మీదికొచ్చిన పొద్దు
మన కొండల దాకా రావాలంటే
పదహారు నిమిషాలు నడవాల.
నడవనీండి సార్.

గడ్డపార గోడకు ఆనించినా.
ఎవురూ ఇంటికి పోలేదు.
నీడ పన్నెండో గీత మీదికొచ్చేసరికి
తప్పు రా అన్నోడే
గట్టిగా ఈల వేసినాడు.

ఆ పదహారూ నిలకడ లేనిదేనని తర్వాత తెలిసింది.
మాఘంలో అరగంట దాకా వెనకబడుతుంది రాయి.
భూమి నడకలోనే ఎగుడుదిగుడు ఉందంట.
టీచరమ్మ బోర్డు మీద గీసి చూపించింది,
నాకు సగమే ఎక్కింది.

నవంబరు మొదటి వారం,
బడి గేటు రాయి సరిచేసేదానికి పోయినా.
సెల్లు తీస్తే పది.
ముల్లు నీడ పదో గీతను ఆనుకొని ఉంది.
నిమిషం తేడా లేదు.
పాలు పంచుకొని మాటల్లేని అన్నదమ్ములు
కుప్పం సంతలో ఎదురుపడి
ఒకే టీ కొట్టు దగ్గర నిలబడినట్టు.
నాలుగైదు రోజులే ఇట్లా,
మళ్ళీ ఎవరి దారి వాళ్ళది.

చీలిక అట్లనే ఉంది, మూడో గీత పక్కన.
వానకు పెద్దది కాలేదు.

ఎవరి పిల్లో అన్నం క్యారియరు
రాయి మీద పెట్టి మరిచిపోయింది.
తీసి పక్కన పెట్టినా.
దాని అడుగున రాయి చల్లగా ఉంది,
పదకొండు ఇంకా రాలేదు.